గుమ్మడిలంక వంతెన మొదటి పుట్టినరోజు

గుమ్మడిలంక వంతెనకి ఈ ఆషాఢంతో ఏడాది నిండిందన్న సంగతి గుమ్మడిలంకలో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు బుల్లబ్బాయి తాత. పేరు బుల్లబ్బాయే గానీ తొంభయ్యో పడికి దగ్గర పడ్డాడు. ఆయన బారసాలకి మేనమామలు ఎడ్లబండి కట్టుకుని ఆ వంతెన మీదుగానే వచ్చారని వాళ్ళమ్మ చెప్పేదట. అంటే వంతెన ఆయనకన్నా పెద్దది. ఊరు ఊరంతా దాన్ని పెద్దమనిషిగానే చూస్తూ వచ్చింది.

పెద్దమనిషి కాబట్టి వయసుతో వచ్చే జబ్బులన్నీ దానికీ వచ్చాయి. ముందు రెయిలింగు ఊడింది. తర్వాత పెచ్చులు రాలాయి. పోయిన వేసవిలో సరిగ్గా నడిమధ్యన కన్నం పడి, గేదె కాలు అందులో దిగబడి, దాన్ని బయటికి లాగడానికి సగం ఊరు కదలాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి బడి ఆటోవాడు పిల్లల్ని అవతలి గట్టునే దింపేసి, వంతెనకి ఓ దండం పెట్టి, వెనక్కి తిప్పుకుని పోతున్నాడు. పిల్లలు కన్నం పక్కనుంచి గోడ మీద పిల్లుల్లా నడిచి వస్తుంటే తల్లులు ఇవతలి గట్టున ఊపిరి బిగబట్టి నిలబడుతున్నారు.

ఇదంతా ఒక ఎత్తు, రాబోయే వరద ఒక ఎత్తు. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే లంక చుట్టూ ఉన్న పాయ నిండిపోతుంది. అప్పుడు ఊరికి ఆ వంతెనొక్కటే దారి. ఈ కన్నంతో అది ఇంకో వరదకి ఆగదని తాపీమేస్త్రీ నుంచి తాటికల్లు సత్తెయ్య దాకా అందరూ తేల్చేశారు.

ఊరి ప్రెసిడెంటు గుబ్బల మంగతాయారు. "వంతెన బాగుచేయించకపోతే మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అని ఇంటింటికీ మాటిచ్చి గెలిచిన మనిషి. ఆవిడ ఎటు వెళ్ళాలన్నా బుల్లబ్బాయి తాత అరుగు ముందునుంచే వెళ్ళాలి. తాత రోజూ తప్పకుండా అడుగుతాడు.

"ఏవమ్మా ప్రెసిడెంటూ, కన్నం ఎంతవరకూ వచ్చింది?"

కన్నం రోజురోజుకీ వస్తూనే ఉంది. ఇక లాభం లేదని ఆవిడ ఓ సోమవారం పొద్దున్నే అర్జీ రాయించుకుని, జిల్లా కేంద్రంలో ఉన్న గ్రామీణ వంతెనల సంరక్షణ సంస్థకి బయల్దేరింది.

అక్కడ సీనియర్ అసిస్టెంటు విస్సప్ప అర్జీ అందుకోలేదు. ఊరి పేరు మాత్రం అడిగి కంప్యూటరులో కొట్టాడు. తెర చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"ఏవండీ ప్రెసిడెంటు గారూ, పసిబిడ్డ మీద ఫిర్యాదు ఏవిటండీ? మీ వంతెనకి పోయిన వారమే ఏడాది నిండింది."

"ఎవరికండీ?"

"వంతెనకండి. ఐదేళ్ళు నిండితే గానీ వంతెనకి మరమ్మతు చెయ్యకూడదని రూలు. ఇంకో నాలుగేళ్ళాగి రండి."

"అదేటండీ బాబూ! దాన్ని తెల్లదొరలు కట్టించారండి!"

"కట్టించి ఉండొచ్చండి, నేను కాదన్ను. కానీ మెటాడేటాలో పోయినేడాది పుట్టింది."

మంగతాయారుకి ఆ మాట కొత్త. విస్సప్ప ఓపిగ్గానే చెప్పాడు. ఆఫీసు ఫైళ్ళన్నీ ఇప్పుడు క్లౌడ్‌లో ఉన్నాయి. క్లౌడ్‌లో ఉన్న ప్రతి ఫైలుకీ పక్కన కొన్ని వివరాలుంటాయి. ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పుట్టింది, యజమాని ఎవరు, బరువెంత, ఆఖరిసారి ఎవరు తెరిచారు. వాటినే మెటాడేటా అంటారు. "ఫైలు జాతకం అనుకోండి" అన్నాడు.

"జాతకం అలా ఉంచండి. ఆ ఫైలు ఓపాలి తెరిచి సూడండి. అందులో ఎప్పుడు కట్టారో ఉంటది కదా!"

విస్సప్ప కంగారుగా లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"మెల్లిగా అనండి తల్లీ. ఫైలు తెరవడమే! తెరిస్తే 'ఆఖరిసారి తెరిచినది' అన్న గడిలో తేదీ మారిపోదూ? అది జాతకం దిద్దడం కిందికి వస్తుంది. పోయిన నెల సెక్షన్లో ఓ కుర్రాడు పొరపాటున ఓ ఫైలు తెరిచాడు. ఇప్పుడు సస్పెన్షన్లో ఉన్నాడు."

"పోనీ, కాగితం ఫైలుంటది కదండీ?"

"ఉందండి, గోదాములో. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎక్కడుందో రాసిన ఫైలు క్లౌడ్‌లో ఉంది. దాన్నీ తెరవకూడదు." ఆయన జాలిగా చూశాడు. "అయినా మీది చాలా చిన్న వంతెనండి. నాలుగొందల కేబీ. పెద్ద వంతెనలకే ముందు నిధులు. మీ పక్కూరిది చూడండి, తొమ్మిది ఎంబీ!"

"పక్కూరిది కల్వర్టండి! గేదె అడ్డంగా పడుకుంటే నిండిపోద్ది!"

"అయ్యుండొచ్చు. వాళ్ళు రంగు ఫొటోలు పెట్టుకున్నారు."

మంగతాయారు తిన్నగా డైరెక్టరు గదిలోకి నడిచింది.

డైరెక్టరు ప్రభంజనరావు మంచివాడు. లంచం తీసుకోడు, పొద్దున్నే వస్తాడు, ఎవరొచ్చినా కూర్చోమంటాడు. పనిచేసే మనిషికి పట్టుదల ఉంటే ఎంత ప్రమాదమో తెలుసుకోవాలంటే ఆయన్ని చూడాలి. రాజధానిలో రెండ్రోజుల శిక్షణకి వెళ్ళి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళాడు. వచ్చాక కాఫీ తాగేముందు గ్లాసు వివరాలు అడగడం మొదలుపెట్టాడని ఆఫీసులో చెప్పుకుంటారు. మెటాడేటాలో ఒక్క గడి కూడా ఖాళీ లేని జిల్లా అని పైవాళ్ళు ఇచ్చిన ప్రశంసాపత్రం ఆయన వెనక గోడ మీద ఉంది.

"అమ్మా, వస్తువు అనునది తాత్కాలికం" అన్నాడు ఆయన, అర్జీ అంతా విని. "వస్తువును గురించిన వివరము శాశ్వతం. మన సంస్థ తాత్కాలికము నుండి శాశ్వతమునకు పయనించుచున్నది."

"కన్నం కూడా తాత్కాలికమేనంటారా అండీ?"

"కన్నమునకు మెటాడేటాలో గడి లేదు."

"గడి లేకపోయినా కన్నం ఉందండి. పిల్లలు పడిపోతారండి. రేపో మాపో ఎర్రనీరు ఒచ్చేస్తది."

పిల్లల మాట వినేసరికి ఆయన మెత్తబడ్డాడు. చెప్పాను కదా, మంచివాడు. ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా క్షేత్రస్థాయి తనిఖీ బృందాన్ని శుక్రవారం వంతెన వద్దకు పంపవలసినదిగా అక్కడికక్కడే ఆదేశాలిచ్చాడు. మంగతాయారు ఆయనకి చేతులెత్తి దండం పెట్టి వచ్చింది.

శుక్రవారం గుమ్మడిలంకలో పండగ వాతావరణం. వంతెన ఇవతల షామియానా వేశారు. కొబ్బరిబొండాలు కొట్టి సిద్ధంగా పెట్టారు. కోడిపలావు వాసనకి ఊరి కుక్కలన్నీ క్రమశిక్షణగా వరసలో కూర్చున్నాయి. పది దాటింది, పన్నెండయింది, బృందం జాడ లేదు. మంగతాయారు వంతెన మీదికి వెళ్ళి నిలబడి విస్సప్పకి ఫోను చేసింది.

"వాళ్ళు ఎప్పుడో చేరిపోయారండి" అన్నాడు విస్సప్ప. "వంతెన మీదే ఉన్నారు. ఇప్పుడే మాట్లాడాను."

"నేనూ వంతెన మీదే ఉన్నానండి. ఇక్కడ నేనూ కన్నమూ తప్ప ఇంకో పురుగు లేదు."

అటువైపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత విస్సప్ప గొంతు తగ్గించి చెప్పాడు.

"మీరు ఏ వంతెన మీద ఉన్నారో నాకు తెలీదండి. వాళ్ళు మాత్రం మెటాడేటాలో రాసున్న చోటికే వెళ్ళారు. శ్రీ వేదమాత ఏసీ కల్యాణ మండపం, బస్టాండు ఎదురుగా."

మంగతాయారు పలావు ఊరివాళ్ళకి వదిలేసి, మోటారుసైకిలు వెనక కూర్చుని పట్నానికి పరుగెత్తింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోయినా పుట్టినరోజులు ఆగవు కదా. వేదమాత కల్యాణ మండపంలో ఆ రోజు ఎవరిదో పాప మొదటి పుట్టినరోజు. గుమ్మం దగ్గర పాప నిలువెత్తు ఫ్లెక్సీ. లోపల పాప కిరీటం పెట్టుకుని ఏడుస్తోంది. తనిఖీ బృందంలోని ముగ్గురు ఇంజనీర్లూ మూడో పంక్తిలో కూర్చుని పూతరేకులు తింటున్నారు. పాప తరపువాళ్ళు వీళ్ళని తల్లివైపు బంధువులనుకున్నారు, తల్లివైపువాళ్ళు తండ్రివైపు అనుకున్నారు.

"తనిఖీ పూర్తయిందమ్మా" అన్నాడు బృందం పెద్ద, ఆకు మడుస్తూ. జేబులోంచి నివేదిక తీసి చదివాడు. "వంతెన పటిష్ఠంగా ఉన్నది. జిల్లాలో పైకప్పు కలిగిన ఏకైక వంతెన ఇదే. గాలి, వెలుతురు తృప్తికరం. ఒకేసారి ఐదువందల మంది కూర్చొనుటకు వీలున్నది. కన్నము ఎచ్చటనూ కానరాలేదు. చేతులు కడుగు చోట తప్ప నీటి ప్రవాహము లేనందున వరద ముప్పు లేదు."

"ఇది కల్యాణ మండపం అండీ!"

"మాకూ కళ్ళున్నాయమ్మా" అన్నాడు ఆయన, కాస్త నొచ్చుకుని. "కానీ ఫోనులో మ్యాపు మీద బొట్టు ఇక్కడే పడింది. బొట్టు ఉన్నచోట వంతెన లేదని రాస్తే, బొట్టు తప్పని రాసినట్టు. బొట్టు తప్పంటే డైరెక్టరు గారు తప్పని రాసినట్టు. ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నాను తల్లీ, నన్నొదిలెయ్."

మంగతాయారుకి ఏడుపొచ్చింది. ఊళ్ళో షామియానా కింద ఎదురుచూస్తున్న జనం కళ్ళముందు కనిపించారు. తాత వేసే ప్రశ్న చెవుల్లో వినిపించింది. ఆవిడ ఓ స్తంభానికి చేరగిలబడి కూర్చుంటే, మండపం మేనేజరు నళిని వచ్చి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"గుమ్మడిలంక వంతెన కోసం వచ్చారాండి? అది నాదేనండి" అంది.

సంగతేమిటంటే, నిరుడు ఆషాఢం దాకా నళిని ఆ సంస్థలోనే కాంట్రాక్టు మీద ఆపరేటరు. ఫైళ్ళన్నీ ఫోనుతో ఫొటోలు తీసి క్లౌడ్‌లోకి ఎక్కించమన్నారు. ఆఫీసు కప్పు కారుతోంది. ఆషాఢంలో ఖాళీగా ఉంటుందని ఈ మండపాన్ని అద్దెకి తీసుకున్నారు. అందుకని జిల్లాలోని వంతెనలన్నీ క్లౌడ్ లెక్కలో ఆషాఢమాసంలోనే పుట్టాయి, ఈ మండపంలోనే పుట్టాయి.

"యజమాని అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకి పోనిచ్చేది కాదండి. ఎవరి పేరు రాయాలండీ అని డైరెక్టరు గారిని అడిగాను. 'ఎవరు ఎక్కిస్తే వారిదే బాధ్యత' అన్నారు. నా పేరు రాసేశాను. వంతెనలన్నీ నావేనండి. డైరెక్టరు గారి జీపు కూడా నాదే."

"మరి నిన్నెందుకు తీసేశారమ్మా?"

"పనైపోయింది కదండీ. ఆయన చెప్పను కూడా చెప్పలేదు. పొద్దున్న వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు." నళిని మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. "ఈ మండపం వాళ్ళు నా పని చూసి ఇక్కడే ఉండిపొమ్మన్నారు. ఏసీలో కూర్చోడం, రెండు పూటలా భోజనం. నాకేం తక్కువండి."

అంతలో వేదిక దగ్గర పాప నాయనమ్మ ఎవరితోనో చెప్పుకుంటోంది. "మా బుజ్జిదానికి బారసాల చెయ్యడం కుదరనే లేదండి, ఎవరికో ఒంట్లో బావోక. ఏడాది నిండిపోతోంది, బంధువులు ఊరుకుంటారా? అందుకే ఇంత హంగామా."

మంగతాయారు మజ్జిగ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది. ఫ్లెక్సీ మీది పాప వంక చూసింది. ఇంజనీర్ల వంక చూసింది. అరిగిపోయిన చెప్పులు తొడుక్కుని గబగబా లేచింది.

మర్నాడు డైరెక్టరు గదిలో ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరు చెప్పిందే నిజమండి. మా వంతెనకి ఏడాదే నిండింది. మాదే పొరపాటండి."

ప్రభంజనరావుకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళ సర్వీసులో మెటాడేటాని ఇంత నిండు మనసుతో ఒప్పుకున్న పౌరురాలిని ఆయన చూడలేదు.

"మరి పుట్టిన బిడ్డకి బారసాల ఎప్పుడయ్యిందండీ?" అంది ఆవిడ వినయంగా.

"అనగా?"

"ప్రారంభోత్సవం అండి. ఏ మంత్రి గోరు రిబ్బను కత్తిరించారో కాస్త సూసి సెప్తారా?"

డైరెక్టరు పిలిపిస్తే విస్సప్ప వచ్చి తెర చూశాడు. ఇంకోసారి కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఈ మధ్యే పైనుంచి కొత్తగా చేర్చిన గడి అది, ఎవరూ గమనించలేదు.

"ఖాళీగా ఉందండి" అన్నాడు.

ఖాళీ గడి! ప్రభంజనరావు కుర్చీలోంచి లేచి, ఒక్కసారి వెనక గోడ మీది ప్రశంసాపత్రం వంక చూశాడు.

"ప్రారంభము కాని వంతెనపై ఏడాదిగా ప్రజలు నడుచుచున్నారా?"

"అందరం నడుస్తున్నామండి. గేదెలు కూడా."

"ఇది ప్రొటోకాల్ ఉల్లంఘన! తక్షణమే మంత్రివర్యులను ఆహ్వానించవలెను. శ్రావణమాసములో ముహూర్తము చూడుడు. ప్రారంభోత్సవము..." ఆయన తెర మీదికి వంగాడు, "శ్రీ వేదమాత ఏసీ కల్యాణ మండపంలో జరుగును. ఎండ తగలని వంతెన కావున మంత్రిగారు సంతోషించెదరు."

మంగతాయారు ఒక్క అడుగు ముందుకేసింది. ఇంతా చేసి రిబ్బను మండపంలో కత్తిరిస్తే కన్నం సంగతేంగాను?

"ఆ వంతెన మా ఊరిదండి! సొంతూళ్ళో చెయ్యకపోతే పురిటిబిడ్డకి అరిష్టం అండి!" అంది, నోటికొచ్చిందేదో.

"స్థలము మార్చుటకు నాకు అధికారము లేదు. యజమాని ఒక్కరే మార్చగలరు."

"ఆ యజమాని ఎక్కడుంటారో నాకు తెలుసండి" అంది మంగతాయారు.

ఆ సాయంత్రం డైరెక్టరు ప్రభంజనరావు కల్యాణ మండపం ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన మంగతాయారు కూర్చుంది. మేనేజరు మేడమ్ ఐస్‌క్రీము లెక్క చూసుకుంటున్నారు, కాసేపాగమన్నారని లోపలినుంచి కబురొచ్చింది. ఆయన ఆగాడు. పిలుపొచ్చాక లోపలికి వెళ్ళాడు. ఆ అమ్మాయి ఎవరో ఆయనకి గుర్తురాలేదు.

"గుమ్మడిలంక వంతెన యజమాని గారికి..." అని మొదలుపెట్టాడు, రాసి తెచ్చిన కాగితం చూసుకుంటూ.

"కాగితం వద్దండి. నోటితో అడగండి" అంది నళిని. "నన్ను తీసేసినప్పుడు మీరు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదండి. అది చెప్పలేదు కదా. అందుకని ఇప్పుడు మీరే అడగాలి."

ప్రభంజనరావు కాగితం మడిచాడు. ఆయన భాషలో అలాంటి మాటకి గడి లేదు. కాసేపు వెతుక్కుని, చివరికి ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అన్నాడు.

"తప్పయిపోయిందమ్మా. కాస్త సాయం చెయ్యి."

నళిని అంతకన్నా సాగదియ్యలేదు. అప్పటికప్పుడు ఆయన జీపులోనే, లెక్కప్రకారం తన జీపులోనే, మంగతాయారుతో కలిసి గుమ్మడిలంక వెళ్ళింది. తన వంతెనని జీవితంలో మొదటిసారి చూసింది. కన్నంలోంచి కింద పాయలో నీళ్ళు కనబడుతుంటే "అమ్మో, ఇదా!" అంది. వంతెన మధ్య నిలబడి ఫోను తీసి, స్థలం అన్న గడి మీద వేలు పెట్టి నొక్కింది. ఫోనులో బొట్టు బస్టాండు ఎదురునుంచి ఎగిరివచ్చి గుమ్మడిలంకలో పడింది. వంతెన తన ఊరు చేరుకుంది. జిల్లాలో మిగతా వంతెనలు మాత్రం ఇంకా మండపంలోనే ఉన్నాయి.

ఇక మిగిలింది కన్నం. మంత్రిగారి కాన్వాయిలో కార్లు ఎన్ని, వాటి బరువెంత అని లెక్క వేసిన ఇంజనీర్లు పెన్నులు కింద పడేశారు. ఆ వంతెన మీద మంత్రిగారు వెళ్తే వెళ్ళినచోటే ఉండిపోతారు.

"కొత్త వంతెనకు మరమ్మతు చేయరాదు" అన్నాడు ప్రభంజనరావు దృఢంగా. "కానీ మంత్రివర్యుల రాక సందర్భముగా తగు స్వాగత ఏర్పాట్లు చేయవచ్చును."

స్వాగత ఏర్పాట్ల కింద పాత పెచ్చులు కొట్టించి ఇనుము కట్టి కొత్త శ్లాబు వేశారు. పక్కన పూలకుండీలు పెట్టడానికి అనువుగా రెండువైపులా రెయిలింగు నిలబెట్టారు. మంత్రిగారు వంతెన కిందికి వంగి చూసే అవకాశం ఉందని స్తంభాలకి కూడా సిమెంటు కవచం తొడిగారు. మామూలుగా మూడేళ్ళు పట్టే పని మంత్రిగారు వస్తారంటే ఎంతలో అవుతుందో మన దేశంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గుమ్మడిలంక వాళ్ళు రోజూ గట్టున కూర్చుని స్వాగత ఏర్పాట్లు చూస్తూ ఆనందించారు. "మంత్రిగారిమీద ఇంత ప్రేముందని మనకే తెలీదర్రా" అనుకున్నారు.

శ్రావణం రాకముందే ఎర్రనీరు వచ్చింది. పాయ నిండింది. గోదారి వంతెన నడుముదాకా లేచి, స్తంభాలని రెండు రోజులు గట్టిగా నెట్టి చూసి, చేసేది లేక కిందికి దిగిపోయింది. వంతెన చెక్కుచెదరలేదు. వరద తగ్గిన పొద్దున్న బడి ఆటోవాడు అవతలి గట్టున ఆగి, అలవాటుగా దండం పెట్టి, ఈసారి వెనక్కి తిప్పకుండా ముందుకే పోనిచ్చాడు. ఆటో ఇవతలి గట్టుకి చేరగానే పిల్లలు వేసిన కేకకి మంగతాయారు కళ్ళు తుడుచుకుంది. ఎవరేమనుకున్నా ఆవిడకి ప్రారంభోత్సవం ఆ రోజే అయిపోయింది.

సర్కారు వారి ప్రారంభోత్సవం శ్రావణంలో మొదటి శుక్రవారం జరిగింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఇలాంటి అధునాతన వంతెనని ఏడాది కిందటే ఎవరికీ చెప్పకుండా నిర్మించిన సంస్థ నిరాడంబరతని మెచ్చుకున్నారు. వంతెన మొదటి పుట్టినరోజు కూడా అప్పటిదాకా చెయ్యలేదు కాబట్టి కేకు కోశారు. యజమాని హోదాలో నళినికి వేదిక మీద కుర్చీ వేశారు. ఆ కుర్చీ డైరెక్టరు కుర్చీకన్నా రవ్వంత ఎత్తుగా ఉందని విస్సప్ప గమనించాడు గానీ, ఎత్తుకి గడి లేదు కాబట్టి ఊరుకున్నాడు.

బుల్లబ్బాయి తాతని పూలదండ వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఊరి పెద్దగా రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"నేను పుట్టకముందు ఈ వంతెన..." అని తాత ఎత్తుకున్నాడు.

మంగతాయారు మెరుపులా వచ్చి ఆయన నోట్లో పెద్ద కేకు ముక్క పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. తాతకి పళ్ళు లేవు. ఆ ముక్క కరిగేలోగా మంత్రిగారి కార్లు వెళ్ళిపోయాయి.

అంతా అయ్యాక ప్రభంజనరావు జీపు ఎక్కబోతూ ఆగాడు. వంతెన మొదట్లో, స్వాగత ఏర్పాట్ల కోసం తుప్పలు కొట్టినచోట, పాత రాయి ఒకటి బయటపడి ఉంది. కేకు చప్పరిస్తూ అలిసిపోయిన తాత దానికే జారగిలబడి కూర్చున్నాడు. ఆయన భుజం మీదుగా అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. వంతెన ఏ ఏడు కట్టారో ఉంది. ఏ ఊరిదో ఉంది. ఎవరు కట్టించారో, నీళ్ళు పోయే ఖానాలెన్నో, పొడవెంతో, ఎవరి చేతుల మీదుగా తెరిచారో అన్నీ చెక్కి ఉన్నాయి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

ప్రభంజనరావు ఆ రాయిని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చి చదివాడు. మంగతాయారు ఆయన వంకే చూస్తూ వచ్చి రాయి పక్కన నిలబడింది. వంతెన పాతదని తేలితే ప్రారంభోత్సవం తప్పు, స్వాగత ఏర్పాట్లు తప్పు, కొత్త శ్లాబు తప్పు. తప్పంటే ఈయన తవ్వి తీసుకుపోయే మనిషి. ఇంత మంచివాణ్ణి ఏ విషయంలోనూ నమ్మడానికి లేదు.

ఆయన తలెత్తి, కొత్త శ్లాబు మీద కేకలు పెడుతూ పరుగెత్తుతున్న పిల్లల్ని కాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఈ రాయిని క్లౌడ్‌లోకి ఎక్కించినారా?"

"లేదండి" అంది మంగతాయారు.

"అయితే ఈ రాయి లేదు" అన్నాడు ప్రభంజనరావు. జీపు ఎక్కి కొత్త వంతెన మీదుగా వెళ్ళిపోయాడు.

తాత నోట్లో కేకు అప్పటికి కరిగింది.

"అదేటే ప్రెసిడెంటూ, రాయి లేదంటాడు! మరి నేను దేనికి ఆనుకుని కూచున్నాను?"

"నువ్వు లేవకు తాతా" అంది మంగతాయారు, జీపు వెళ్ళిన వైపే చూస్తూ. "అవతలి గట్టు దాటేదాకా అలాగే ఆనుకుని కూచో."